కనిపించేదంతా లెక్కపెట్టొచ్చా?

ఒక వీడియో గేమ్ ఎన్ని కాపీలు అమ్ముడైందో దాన్ని తయారుచేసినవాళ్ళు చెప్పలేదు. అయినా బయటి మనిషి ఒకరు కూర్చుని లెక్కగట్టి, "ఇదిగో, సుమారు ఇన్ని అమ్ముడయ్యాయి" అని లోకానికి చెప్పారు. అది ఒప్పా, తప్పా?

వేసవి సెలవుల్లో బెంగళూరు నుంచి మా పెద్దనాన్న కొడుకు వచ్చినప్పుడు ఈ సంగతి మొదటిసారి విన్నాను. లాప్‌టాప్‌లో ఒక ఆట చూపించి, ఇది ఇన్ని లక్షల మంది దగ్గర ఉందట అన్నాడు. "కంపెనీవాళ్ళు చెప్పినారా అన్నా?" అని అడిగాను. "వాళ్ళెందుకు చెప్తారు? ఎవరో లెక్కగట్టినారు" అన్నాడు. ఆ రోజు నాకు ఆశ్చర్యం మాత్రమే కలిగింది. తప్పొప్పుల ఆలోచన తర్వాత వచ్చింది, నేనే ఒక లెక్క గట్టి ఒకరికి నష్టం తెచ్చాక. ముందు ఆటల సంగతి చెప్తాను.

కంప్యూటర్ ఆటలు ఒకప్పుడు డబ్బాల్లో పెట్టి అంగళ్ళలో అమ్మేవారు. ఇప్పుడు ఎక్కువగా ఇంటర్నెట్‌లోనే కొని దించుకుంటారు. అలా అమ్మే అంగళ్ళలో చాలా పెద్దది స్టీమ్. అమెరికాలోని వాల్వ్ అనే కంపెనీ 2003లో దాన్ని మొదలుపెట్టింది. ఏ ఆట ఎన్ని అమ్ముడైందో ఆ అంగడికి తెలుసు, ఆ ఆట చేసినవాళ్ళకు తెలుసు. మిగతావాళ్ళకు తెలియదు. బాగా అమ్ముడైనవాళ్ళు గొప్పగా ప్రకటిస్తారు, అమ్ముడుపోనివాళ్ళు మాట్లాడరు. సినిమా కలెక్షన్ల పోస్టర్లు చూసే మనకు ఈ పద్ధతి కొత్తేమీ కాదు.

అయితే స్టీమ్‌లో ప్రతి ఖాతాకూ ఒక నంబరు ఉంటుంది. ఆ నంబర్లు వరసగా ఇచ్చినవి. ఒక మనిషి దగ్గర ఏయే ఆటలున్నాయో ఆ రోజుల్లో ఆ ఖాతా పేజీలో ఎవరైనా చూడగలిగేవారు, అతను దాచుకుంటే తప్ప. 2014లో ఆర్స్ టెక్నికా అనే పత్రికలో కైల్ ఓర్లాండ్ అనే విలేకరి ఈ సదుపాయం వాడుకున్నాడు. చీటీలు తీసినట్టు నంబర్లు తీసి, ఆ ఖాతాల్లో ఏ ఆట ఎందరి దగ్గర ఉందో చూసి, మొత్తం మీద ఎందరి దగ్గర ఉంటుందో అంచనా వేశాడు. మరుసటి ఏడాది, 2015లో, సెర్గీ గాల్యోంకిన్ అనే ఆయన స్టీమ్ స్పై పేరుతో ఇదే పని రోజూ చేయడం మొదలుపెట్టాడు.

అన్నం ఉడికిందో లేదో చూడటానికి అమ్మ కుండంతా తినదు. ఒక మెతుకు పట్టి చూస్తుంది. ఇదీ అంతే. కాకపోతే మెతుకు ఎక్కడినుంచి తీశామన్నది ముఖ్యం. అడుగున మాడి పైన పలుకుగా ఉంటే ఒక్క మెతుకు అబద్ధం చెప్తుంది. అందుకే చీటీలు తీసినట్టు తీయాలి.

దీనివల్ల ఎవరికి లాభం? ఇద్దరు ముగ్గురు స్నేహితులు ఉద్యోగాలు మానేసి ఒక ఆట చేద్దామనుకుంటే, అలాంటి ఆటలు మామూలుగా ఎన్ని అమ్ముడవుతాయో వాళ్ళకు తెలియాలి కదా. పెద్ద కంపెనీలకు తమ ఆటల లెక్కలు ఉంటాయి. అంగడివాళ్ళకు అందరి లెక్కలూ ఉంటాయి. చీకట్లో ఉండేది చిన్నవాళ్ళే. అంకెను దాచిపెట్టడం అంటే ఎవరి పక్షమూ పట్టకపోవడం అని మనం అనుకుంటాం. కానీ ఆ దాపరికం ముందే తెలిసినవాళ్ళకు లాభం చేస్తుంది. కాబట్టి "ఇతరుల సంగతి నీకెందుకు" అని ఒక్క మాటతో ఈ ప్రశ్నను కొట్టేయలేం.

2018 ఏప్రిల్‌లో వాల్వ్ పద్ధతి మార్చింది. ఎవరి ఆటల జాబితా అయినా, వాళ్ళంతట వాళ్ళు తెరిస్తే తప్ప, బయటివాళ్ళకు కనిపించదు. గాల్యోంకిన్ పాత లెక్క ఒక్కసారిగా ఆగిపోయింది. తర్వాత వేరే ఆధారాలతో అంచనాలు కట్టసాగాడు. ఇక్కడ నేను ఆలోచనలో పడ్డాను. అంతకుముందు అన్ని కోట్ల ఖాతాలు తెరిచి ఉన్నాయంటే, ఆ మనుషులందరూ "మమ్మల్ని చూడండి" అన్నారా? లేదు. ఎక్కువమంది ఆ సెట్టింగు వైపే వెళ్ళి ఉండరు. తలుపు తెరిచి రమ్మనడం వేరు, గడియ ఎక్కడుందో తెలియక తలుపు తెరిచి ఉండటం వేరు. మార్పు తర్వాత మూసుకున్న ఖాతాల సంగతీ అంతే. వాళ్ళలో ఎక్కువమంది కావాలని మూయలేదు, కంపెనీ మూసింది. కాబట్టి "బయట కనిపిస్తోంది కాబట్టి ఒప్పుకున్నట్టే" అనే మాట నాకు నమ్మబుద్ధి కాలేదు.

అదే ఏడాది ఇంకో దారి బయటపడింది. ఆటలో ఒక ఘట్టం దాటినవాళ్ళు నూటికి ఎంతమందో స్టీమ్ చూపిస్తుంది. కంప్యూటర్లు చదువుకునే చోట ఆ శాతం దశాంశ బిందువు తర్వాత చాలా అంకెలతో ఉండేది. టైలర్ గ్లాయెల్ అనే ఆటల తయారీదారు ఆ అంకెల నుంచి మొత్తం ఆటగాళ్ళ సంఖ్య రాబట్టవచ్చని చూపించాడు. ఇది మన తొమ్మిదో తరగతి లెక్కే. ఒక తరగతిలో 14.2857 శాతం మంది లెక్కల్లో తప్పారు, 33.3333 శాతం మంది సైకిల్ మీద వస్తారు అని టీచరు చెప్పారనుకోండి. మొదటిది ఏడింట ఒక వంతు, రెండోది మూడింట ఒక వంతు. మనుషులు ముక్కలుగా ఉండరు కాబట్టి తరగతి సంఖ్య 7తోనూ 3తోనూ భాగింపబడాలి. అంటే 21 గానీ, 42 గానీ, 63 గానీ కావాలి. టీచరు సంఖ్య చెప్పనే లేదు, మనకు దాదాపు తెలిసిపోయింది! వాల్వ్ త్వరలోనే ఆ అంకెలను కుదించేసింది. ఈ పద్ధతిలో ఏ ఒక్క మనిషి ఖాతాలోకీ తొంగిచూడలేదు. అందుకే మొదటి పద్ధతి కంటే ఇది నాకు మెరుగ్గా అనిపించింది. తెలివైన లెక్క అని రెండు రోజులు అందరికీ చెప్పుకుని తిరిగాను.

ఇక నా లెక్క.

మా వీధి చివర ఒక అక్క సాయంత్రాలు ఇడ్లీ బండి పెడుతుంది. ఒక అంగడి ముందు నిలుపుకుంటుంది, అందుకు అంగడాయనకు నెలనెలా బాడుగ ఇస్తుంది. ఒక ఆదివారం సాయంత్రం ఆ తెలివితేటలు ఇక్కడ చూపిద్దామని, బండి పక్కన బుట్టలో పడ్డ పేపరు ప్లేట్లు లెక్కపెట్టాను. 210 వచ్చాయి. ప్లేటు 30 రూపాయలు. అంటే రోజుకు 6,300. నెలకు 1,89,000. అక్కడే నిలబడి గట్టిగా చెప్పేశాను. స్నేహితులు ఈల వేశారు. అంగడాయన కూడా విన్నాడు. మరుసటి నెల బాడుగ వెయ్యి రూపాయలు పెరిగింది.

అక్క నన్ను తిట్టలేదు. "ఏమప్పా, ప్లేట్లు లెక్కపెడితివి, గ్యాసు లెక్కపెడితివా?" అని మాత్రం అడిగింది. తర్వాత ఒక్కొక్కటే చెప్పింది. వేడి ఇడ్లీకి ప్లేటు మెత్తబడుతుందని రెండేసి ప్లేట్లు పెడుతుంది. ఆదివారం ఉన్నట్టు మంగళవారం జనం ఉండరు. వాన పడితే బండే రాదు. బియ్యం, మినప్పప్పు, నూనె, చట్నీకి టెంకాయలు, సాయం చేసే పిల్లకు కూలి, ఇవన్నీ పోగా మిగిలేదే ఆమెది.

అప్పుడు నాకు ఆటల లెక్క మళ్ళీ గుర్తొచ్చింది. అక్కడా ఇవే తప్పులున్నాయి. ఒక ఆట ఒకరి ఖాతాలో ఉందంటే అతను కొన్నాడని కాదు. ఉచితంగా ఇచ్చి ఉండొచ్చు, పది ఆటల కట్టలో కలిసి వచ్చి ఉండొచ్చు. నా రెండు ప్లేట్ల లాంటిదే ఇది. కొన్నా పూర్తి ధరకు కొన్నాడని కాదు, స్టీమ్‌లో పండగ తగ్గింపులు ఎక్కువ. వచ్చిన డబ్బులో నూటికి 30 మామూలుగా అంగడికే పోతుంది. పన్నులు, వాపసులు వేరే. కొందరు ఇంకా సులువుగా, ఆట కింద ఉన్న రివ్యూలను 30తోనో 50తోనో గుణించి అమ్మకాలు చెప్పేస్తారు. ఏ సంఖ్యతో గుణించాలన్నది ఆట ఆటకూ మారుతుంది. ఆదివారాన్ని 30తో గుణించిన నాకు వాళ్ళను అనే హక్కు లేదు.

ఇంకొక సంగతి కాగితం మీద వేసి చూస్తే తెలిసింది. లక్ష ఖాతాలు చీటీలుగా తీశామనుకుందాం. ప్రతి పదిమందిలో ఒకరి దగ్గర ఉండే పెద్ద ఆట అయితే సుమారు 10,000 ఖాతాల్లో కనిపిస్తుంది. అదృష్టం కొద్దీ వంద అటూ ఇటూ అయినా తేడా నూటికి ఒకటే. కానీ పదివేల మందిలో ఒకరి దగ్గర మాత్రమే ఉండే చిన్న ఆట అయితే పది ఖాతాల్లో కనిపించాలి. చీటీల్లో ఏడు రావొచ్చు, పదమూడు రావొచ్చు. అంటే ముప్పై శాతం తేడా అలవోకగా వచ్చేస్తుంది. పెద్ద కంపెనీ లెక్క దాదాపు సరిగ్గా ఉంటుంది, తప్పినా దానికేమీ కాదు. చిన్నవాళ్ళ లెక్కే ఎక్కువ తప్పుతుంది, తప్పితే దెబ్బ తగిలేదీ వాళ్ళకే. "మీ ఆట ఇంతేనా అమ్ముడైంది" అని పెట్టుబడి పెట్టేవాడు వెనక్కి పోవచ్చు. లేదా "అంత సంపాదించారు కదా" అని ఇంకొకడు చెయ్యి చాపవచ్చు.

గాల్యోంకిన్ దగ్గర నాకు నచ్చింది ఒకటుంది. ఆయన ప్రతి అంకె పక్కన ± గుర్తు పెట్టి, ఇంత అటూ ఇటూ కావొచ్చు అని రాసేవాడు. పద్ధతి మారాక ఒకే అంకె ఇవ్వకుండా, ఇరవై వేలకూ యాభై వేలకూ మధ్య అన్నట్టు హద్దులు ఇవ్వసాగాడు. ఆ అంకెను పట్టుకుపోయి మాట్లాడుకునేవాళ్ళు దారిలో ఆ గుర్తును వదిలేస్తారు, అది వేరే మాట. నా లెక్కలో మాత్రం ఆ గుర్తే లేదు. "సుమారు" అన్న మాట కూడా లేదు. ± లెక్కల గుర్తు అని చదువుకున్నాం. అది నిజాయితీ గుర్తు కూడా అని నాకిప్పుడు అనిపిస్తోంది. నేను తప్పి ఉండొచ్చు, నా మాట పట్టుకుని ఎవరినీ కొట్టకండి అని అది చెప్తుంది.

మరి లెక్కపెట్టడం తప్పా? కాదనే అంటాను. లెక్కపెట్టకపోతే తెలిసినవాడికే అన్నీ తెలుస్తాయి, తెలియనివాడు నష్టపోతాడు. పదిమంది కలిసి ఉన్న గుంపును లెక్కపెట్టడంలో, ఆ పదిమందిలో ఎవరి పేరూ బయటికి రాకపోతే, నాకు తప్పు కనిపించదు. ఒక్క మనిషిని వేలు పెట్టి చూపించే లెక్క వేరు. నేను లెక్కపెట్టింది బండ్లను కాదు, ఒక బండిని. చెప్పింది నాలుగు గోడల మధ్య కాదు, బాడుగ తీసుకునే ఆయన చెవి పడేంత దగ్గర. కళ్ళకు కనిపించడం వల్ల చూసే హక్కు వస్తుందేమో, చాటే హక్కు రాదు. చాటినవాడు, తన లెక్క ఎంత తప్పొచ్చో చెప్పాలి. దానివల్ల ఏమైందో కూడా వెనక్కి వెళ్ళి చూడాలి.

నేను వెళ్ళి అంగడాయనతో, "నా లెక్క తప్పు సార్" అని చెప్పాను. ఆయన నవ్వి, "లెక్క తప్పైతే ఏమి, జనం ఉండేది నిజమే కదా" అన్నాడు. బాడుగ తగ్గలేదు. ఒకసారి బయటికి పోయిన అంకె మళ్ళీ ఇంటికి రాదని ఆ రోజు తెలిసింది.

ఆ తర్వాత అక్క నన్ను ఒక పని అడిగింది. "లెక్కలు బాగా వస్తాయి కదా, ఈ పుస్తకంలో రోజూ రాసిపెట్టు" అంది. ఇప్పుడు ప్రతి రాత్రీ బండి సర్దేటప్పుడు వెళ్ళి, వచ్చింది ఒక పక్క, పోయింది ఒక పక్క రాస్తున్నాను. నెల చివర ఎంత మిగులుతుందో ఇప్పుడు నాకు సరిగ్గా తెలుసు, ± కూడా అక్కర్లేదు. ఆ అంకె మాత్రం ఇక్కడ రాయను. అది చెప్పాలో వద్దో ఆమె ఇష్టం.