ఐదుగురు కాక ఆరోది

2021 ఫిబ్రవరి 7న ఫ్లోరిడాలోని టాంపాలో అమెరికన్ ఫుట్‌బాల్ చాంపియన్లను తేల్చే సూపర్ బౌల్ జరిగింది. ఆ రాత్రి కాన్సస్ సిటీ చీఫ్స్ క్వార్టర్‌బ్యాక్ ప్యాట్రిక్ మహోమ్స్ బంతి విసిరేలోపు తప్పించుకోడానికి అటూ ఇటూ ఉరికిన దూరమంతా కూడితే 497 గజాలు తేలింది. 29 సార్లు టాంపా బే ఆటగాళ్లు అతని మీదికి దూసుకొచ్చారు. సూపర్ బౌల్ చరిత్రలో అప్పటిదాకా ఏ క్వార్టర్‌బ్యాక్ మీదా అంత ఒత్తిడి పడలేదు. అంతకు ముందు ఏడాదే కప్పు గెలిచిన చీఫ్స్ ఒక్క టచ్‌డౌన్ కూడా చేయలేక 31–9తో చిత్తయ్యారు.

తప్పు ఎవరిదని అడిగితే ఆ రాత్రి అందరూ చూపించింది మహోమ్స్ ముందు నిలబడ్డ ఐదుగురినే. మరి ఆ ఐదుగురిలో ఎవరిది? ఇక్కడే ఆట గొడవ కాస్తా తర్కశాస్త్రం గొడవ అయిపోతుంది.

ఈ ఆట అంతగా తెలియనివారి కోసం రెండు మాటలు. బంతి దగ్గర సెంటర్ వంగి నిలబడతాడు. అతనికి చెరోపక్క ఒక గార్డు, గార్డులకు ఆవల చెరో టాకిల్. ఈ వరుసే అఫెన్సివ్ లైన్. ఒక్కొక్కడూ 140 కిలోలకు అటూ ఇటూ ఉండే మనిషి. ముందుకు విసిరిన బంతిని పట్టుకునే హక్కు మామూలుగా వీళ్లకు ఉండదు. పాయింట్ల పట్టికలో పేరు కనబడదు. రిఫరీ మైకులో వీళ్ల నంబరు చదివాడంటే ఏదో తప్పు చేసి దొరికిపోయినట్టే. సెంటర్ తన కాళ్ల మధ్య నుంచి బంతిని వెనక్కి అందించాక (దీన్నే స్నాప్ అంటారు) రెండున్నర, మూడు సెకన్లపాటు ఎదుటివాళ్లను క్వార్టర్‌బ్యాక్ దాకా రానివ్వకుండా ఆపాలి. ఉద్యోగమంతా అదే. కబడ్డీలో గొలుసు కట్టి నిలబడే డిఫెండర్ల లాంటి వాళ్లే, కాకపోతే వీళ్లకు చెయ్యీ చెయ్యీ పట్టుకునే వీలు లేదు.

టాంపాలో ఆ గొలుసు ఎందుకు తెగిందో చెప్పడం తేలికే. ఎడమ టాకిల్ ఎరిక్ ఫిషర్‌కు ముందు మ్యాచ్‌లోనే మడమ దగ్గరి స్నాయువు తెగింది. కుడి టాకిల్ మిచెల్ ష్వార్ట్జ్ వెన్నునొప్పితో అప్పటికే నెలల తరబడి బయట ఉన్నాడు. కుడి చివర ఆడుతున్న మైక్ రెమ్మర్స్‌ను ఎడమ చివరకు పంపారు. గార్డుగా ఉన్న ఆండ్రూ వైలీని కుడి టాకిల్ చేశారు. వైలీ ఖాళీ చేసిన చోట మరొకరిని నిలబెట్టారు. లేనివాళ్లు ఇద్దరు, మారిన చోట్లు మూడు. ఒక కుడి గార్డు ఉన్నట్టుండి కుడి టాకిల్ అయితే అతనికి ఒక పక్క తోడు పోతుంది, ఎదురొచ్చే మనిషి మారతాడు, వేసే మొదటి అడుగు కూడా మారుతుంది.

తెగింది ఆ మనుషులా, వరుసా? ఇలాంటి ప్రశ్న పాతదే. రథం గురించి బౌద్ధ భిక్షువు నాగసేనుడు మిళిందుణ్ని అడిగిన ప్రశ్న బౌద్ధం కాస్త చదివిన వారందరికీ తెలుసు. గ్రీకు రాజు మినాండరే ఈ మిళిందుడు. రథంలో వచ్చానన్నావు కదా, ఇరుసు రథమా, చక్రాలు రథమా, కాడి రథమా అని భిక్షువు ఒక్కొక్కటే అడుగుతాడు. అన్నిటికీ రాజు కాదనే అంటాడు. ఇవన్నీ కలిపితే రథమా అంటే దానికీ కాదంటాడు. చివరికి ఆ భాగాలను ఆశ్రయించి పెట్టుకున్న పేరు తప్ప రథమన్నది విడిగా లేదని ఇద్దరూ ఒప్పుకుంటారు. నాగసేనుడు కూడా అంతే, ఒక పేరు.

నైయాయికులకు, అంటే న్యాయదర్శనం పాటించే తార్కికులకు, ఈ మాట మింగుడుపడలేదు. గౌతముడి న్యాయసూత్రాల రెండో అధ్యాయంలో దీని మీద పెద్ద వాదమే నడిచింది. అవయవాలు కాక అవయవి అనే ఒక వస్తువు నిజంగా ఉందని వాళ్ల పట్టు. దానికి చూపిన ఆధారాల్లో ఒకటి చాలా మోటుగా, చాలా ముచ్చటగా ఉంటుంది: పట్టుకోవడం, లాగడం. కుండ అంచు పట్టుకుని లాగితే కుండంతా వస్తుంది. ఇసుక కుప్పలోంచి గుప్పెడు లాగితే గుప్పెడే వస్తుంది. ఈ తేడాకు కారణమేదో ఉండాలి కదా? భాష్యకారుడు వాత్స్యాయనుడు దీన్నీ ఊరికే వదల్లేదు. లక్కతో అతికించిన గడ్డిపరకలూ రాళ్లూ కూడా ఒకటి లాగితే మరొకటి కదులుతాయి, వాటిలో కొత్త వస్తువు పుట్టిందా అని తనే అడ్డుపడతాడు. తమ వాదాన్ని తామే ఇంత కటువుగా పరీక్షించుకునే అలవాటు ఈనాటి క్రీడా విశ్లేషకుల్లో అరుదు.

ఇంకో మెలిక ఉంది. దూరం నుంచి చూస్తే సేన ఒకటిగా కనిపిస్తుంది, అడవి ఒకటిగా కనిపిస్తుంది, దగ్గరికెళ్తే సైనికులూ చెట్లే. మీ కుండ కూడా అలాంటిదే ఎందుకు కాకూడదని ప్రతిపక్షం అడిగింది. చెట్టూ సైనికుడూ విడిగా కంటికి ఆనతారు, పరమాణువులు ఆనవు, కాబట్టి పోలిక చెల్లదని న్యాయం జవాబు. అంటే సేన, అడవి వట్టి సమూహాలేనని వాళ్లే ఒప్పుకున్నట్టు. ఆ లెక్కన అఫెన్సివ్ లైన్ కూడా సేనలాంటిదే అవ్వాలి. ఐదుగురు మనుషులు, ఐదు జీతాలు, అంతే.

జట్టు యాజమాన్యాలు చూసేది ఆ లెక్కే. 2021 మార్చిలో చీఫ్స్ ఫిషర్‌నీ ష్వార్ట్జ్‌నీ ఒకే రోజు వదిలేసుకున్నారు. ఒకడు 2013 డ్రాఫ్ట్‌లో, అంటే కొత్త ఆటగాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే చోట, అందరికంటే ముందు ఎంపికైనవాడు, ఇంకొకడు ఏళ్ల తరబడి ఒక్క స్నాప్ కూడా తప్పకుండా వరసగా 7,894 స్నాప్‌లు ఆడినవాడు. తర్వాత ఎడమ గార్డు జో థూనీకి ఐదేళ్లకు 8 కోట్ల డాలర్ల ఒప్పందం ఇచ్చారు. మొదటి రౌండ్ ఎంపికతో సహా కొన్ని ఎంపికలు బాల్టిమోర్‌కు ధారపోసి ఎడమ టాకిల్ ఒర్లాండో బ్రౌన్‌ను తెచ్చుకున్నారు. డ్రాఫ్ట్ రెండో రౌండ్‌లో సెంటర్ క్రీడ్ హంఫ్రీ దొరికాడు. కాలేజీ రోజుల్లో ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డలు కట్టడంతో జట్లన్నీ వెనకాడిన ట్రే స్మిత్‌ను ఆరో రౌండ్‌లో, 226వ ఎంపికగా తీసుకున్నారు. కుడి టాకిల్ లూకస్ నియాంగ్ కోవిడ్ కారణంగా ముందు సీజన్ మొత్తం ఆడనేలేదు. సెప్టెంబరులో క్లీవ్‌లాండ్‌తో మొదటి మ్యాచ్‌కు ఈ ఐదుగురే దిగారు. అంతకు ముందు వీళ్లలో ఒక్కడూ చీఫ్స్ తరఫున మ్యాచ్‌లో దిగినవాడు కాదు. ముగ్గురికి ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో అదే మొట్టమొదటి ఆట.

చీఫ్స్ ఆ మ్యాచ్ 33–29తో గెలిచారు. మొదటి ఏడు మ్యాచ్‌లలో నాలుగు ఓడిపోయినా, సీజన్ ముగిసేసరికి 12 గెలుపులు, 5 ఓటముల దగ్గర తేలారు. ఆ తడబాటుకు లైన్ ఒక్కటే కారణమంటే అన్యాయమే. డిఫెన్స్ నీరసించింది, బంతులు చేజారాయి.

ఈ ఐదుగురి మధ్య ఏం కుదరాలో ఒక్క ఎత్తుగడ దగ్గరగా చూస్తే తెలుస్తుంది. దాన్ని స్టంట్ అంటారు. ఎదుటి జట్టులో లోపలున్న మనిషి ఉన్నట్టుండి బయటికి, మన టాకిల్ మీదికి దూకుతాడు. బయటున్నవాడు అతని వెనక నుంచి చుట్టుకుని లోపలికి, గార్డు పక్కన ఏర్పడే సందులోకి వస్తాడు. గార్డు ‘వీడు నా మనిషి’ అనుకుని వాడి వెంట పడ్డాడో, సందు తెరుచుకుంటుంది, క్వార్టర్‌బ్యాక్ పని అయిపోతుంది. అతను వాణ్ని భుజంతో ఒక్క తోపు తోసి టాకిల్‌కు వదిలేయాలి, కళ్లు వెంటనే లోపలికి తిప్పాలి. టాకిల్ కూడా తన మనిషిని అదే క్షణంలో వదిలేయాలి. ఒకడు వదిలి ఇంకొకడు వదలకపోతే ఇద్దరూ ఒకణ్నే పట్టుకుంటారు, రెండోవాడు తీరిగ్గా వెళ్లిపోతాడు. మాట్లాడుకునే వ్యవధి ఉండదు. పరాయి మైదానంలో అయితే హోరులో మాట వినబడదు కూడా. అక్కడ క్వార్టర్‌బ్యాక్ సిద్ధంగా ఉన్నాడని చూసి గార్డు సెంటర్‌ను చేత్తో తడితే బంతి కదులుతుంది.

తర్కసంగ్రహం చదువుకున్నవారికి ఇక్కడ కారణాలు మూడు రకాలన్న పాఠం గుర్తు రాక మానదు. 17వ శతాబ్దపు తెలుగువాడు అన్నంభట్టు రాసిన ఆ చిన్న పుస్తకం తరతరాల సంస్కృత విద్యార్థులకు తర్కంలో మొదటి మెట్టు. వస్త్రానికి దారాలు సమవాయి కారణం. దారాల మధ్య కలయిక అసమవాయి కారణం. మగ్గం, నేతగాడు వగైరా నిమిత్త కారణాలు. కండెల నిండా మేలైన పట్టుదారం ఉన్నంత మాత్రాన చీర ఉన్నట్టు కాదు. చీఫ్స్ కొన్నది దారాలు. నేయాల్సింది హెడ్ కోచ్ ఆండీ రీడ్, లైన్ కోచ్ ఆండీ హెక్. ఇద్దరూ స్వయంగా లైన్‌లో ఆడినవాళ్లే, రీడ్ కాలేజీలోనూ, హెక్ ఎన్‌ఎఫ్‌ఎల్ దాకానూ.

ఫలితం 2023 ఫిబ్రవరి 12న అరిజోనాలోని గ్లెండేల్‌లో కనిపించింది. ఎదుట ఉన్న ఫిలడెల్ఫియా ఈగిల్స్ ఆ సీజన్ లీగ్ మ్యాచ్‌లలో 70 సార్లు క్వార్టర్‌బ్యాక్‌లను పడగొట్టిన జట్టు. ఆ రాత్రి మహోమ్స్‌ను ఒక్కసారి కూడా పడగొట్టలేకపోయింది. చీఫ్స్ 38–35తో కప్పు గెలిచారు. గడ్డి జారుడుగా ఉండడం మమ్మల్ని దెబ్బతీసిందని ఈగిల్స్ ఆటగాళ్లు అన్నారు, అందులో నిజమూ ఉంది. కానీ ఆ రాత్రి కుడి టాకిల్‌గా నిలబడ్డది ఎవరు? ఆండ్రూ వైలీ. రెండేళ్ల క్రితం టాంపాలో ఓడిన వరుసలో అదే చోట నిలబడ్డ మనిషి. ఈసారి అతని పక్కన స్మిత్ ఉన్నాడు, ఆ పక్కన హంఫ్రీ ఉన్నాడు. అనుభవం కొంత పెరిగిందనుకున్నా మనిషి అతనే. తప్పు అతనిలో ఉండి ఉంటే గ్లెండేల్‌లో అది ఎక్కడికి పోయింది?

ఈ ఒక్క ఉదాహరణతో త్రాసు న్యాయం వైపే మొగ్గుతుంది. లైన్ అనేది ఐదు జీతాల మీద అతికించిన పేరు మాత్రమే కాదు. ఒక కొస పట్టి లాగితే మిగతాదంతా కదులుతుంది. అయితే అది లక్కతో అతికిన గడ్డిపరకల్లాంటి కదలిక కూడా కాదు. గడ్డిపరకకు పక్క పరక సంగతి తెలియదు. గార్డుకు టాకిల్ ఏ క్షణంలో మనిషిని వదులుతాడో తెలుసు. సేనను అడవి పక్కన చేర్చి న్యాయం కొంచెం తొందరపడిందనే చెప్పాలి.

అవయవి విషయంలో న్యాయదర్శనానికి మరో కఠినమైన నియమం ఉంది. ఒక్క దారం తీసినా పాత వస్త్రం నశిస్తుంది, ఉన్నది కొత్త వస్త్రం. ఇది మాటల గారడీ అనిపిస్తుంది కానీ 2024 సీజన్ దాన్ని అక్షరాలా చూపించింది. బ్రౌన్ వెళ్లిపోయాక ఎడమ టాకిల్ చోటు చీఫ్స్‌కు కుదరలేదు. ఒకరి తర్వాత ఒకరిని నిలబెట్టి చూసి, చివరికి థూనీనే గార్డు నుంచి టాకిల్‌కు జరిపారు. ఆ ఏడాది లీగ్ మేటి ఆటగాళ్ల జాబితా అయిన ఆల్‌ప్రో మొదటి జట్టులో గార్డుగా ఎంపికైనవాడు అతను. చిరుగు పూడింది, పక్కన కొత్త చిరుగు పడింది. 2025 ఫిబ్రవరి 9న న్యూ ఓర్లీన్స్‌లో అదే ఈగిల్స్ మహోమ్స్‌ను 6 సార్లు పడగొట్టి 40–22తో గెలిచారు. అదీ ఒక్కసారి కూడా బ్లిట్జ్ చేయకుండా, అంటే అదనపు మనిషిని పంపాల్సిన అవసరమే రాకుండా.

గెలిచిన జట్టు లైన్‌లో కుడి గార్డు మెకై బెక్టన్. 2020లో న్యూయార్క్ జెట్స్ 11వ ఎంపికగా టాకిల్ చోటుకు తెచ్చుకుంటే, గాయాలతో సతమతమై పనికిరాడని ముద్ర పడ్డవాడు. ఫిలడెల్ఫియా లైన్ కోచ్ జెఫ్ స్టౌట్‌లాండ్ అతణ్ని ఒక చోటు లోపలికి జరిపి, కుడి టాకిల్ లేన్ జాన్సన్ పక్కన నిలబెట్టాడు. చోటూ పక్కవాడూ మారేసరికి అదే మనిషి కుదిరాడు.

అంతమాత్రాన నాగసేనుణ్ని ఓడిపోయినవాడిగా లెక్కకట్టకూడదు. రథాన్ని భాగాలుగా విప్పి చూపింది ‘నేను’, ‘నాది’ అన్న పట్టు సడలించడానికే. స్టంట్ ఎదుర్కొనే గార్డుకు కావాల్సిన పాఠం అదే. ‘నా మనిషి’ అనే పట్టు వదలనివాడు సందు తెరుస్తాడు. ఆడేవాడికి బౌద్ధం పనికొస్తుంది, కట్టేవాడికి న్యాయం పనికొస్తుంది. జట్లు కట్టేవాళ్లు తరచూ దీన్ని తలకిందులు చేస్తారు. లైన్ వట్టి పేరేనని నమ్మినట్టు మనుషులను విడివిడిగా తూచి కొంటారు, ఓడిన మర్నాడు ఒకరి పేరు పట్టుకుని తిడతారు.

ఇందుకు భిన్నంగా కట్టిన జట్టూ ఒకటుంది. థూనీని 2025 మార్చిలో చీఫ్స్ షికాగో బేర్స్‌కు ఇచ్చేశారు. ముందు సీజన్‌లో ఆ జట్టు కుర్ర క్వార్టర్‌బ్యాక్ కేలబ్ విలియమ్స్ 68 సార్లు పడిపోయాడు. బేర్స్ ఆ నెలలోనే సెంటర్ డ్రూ డాల్మన్‌ను, కుడి గార్డు జోనా జాక్సన్‌ను కూడా తెచ్చుకున్నారు. పక్కపక్కనే ఉండే మూడు చోట్లు ఒకేసారి మార్చారు. కొత్త కోచ్ బెన్ జాన్సన్‌కు డెట్రాయిట్ రోజుల నుంచీ జాక్సన్ తెలిసినవాడే. విలియమ్స్ పడిపోవడం 2025లో సగానికి సగం కంటే ఎక్కువే తగ్గింది, బేర్స్ తమ డివిజన్ గెలిచారు.