కనిపించే కొవ్వు, కనిపించని చక్కెర

అక్క బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకుంటానన్నప్పుడు నేను గట్టిగా వాదించాను. "ఎవరి కళ్ళ కోసం కడుపు కోయించుకుంటావు?" అన్నాను. దేహ రాజకీయాల మీద సెమినార్లలో పత్రాలు చదివినదాన్ని, ఆ ప్రశ్న వేసే హక్కు నాకుందనుకున్నాను. "కళ్ళ కోసం కాదే, షుగర్ కోసం" అంది. నేను నమ్మలేదు.

గ్యాస్ట్రిక్ బైపాస్ జరిగిన వారానికే డాక్టర్లు ఆమె ఇన్సులిన్ మోతాదు బాగా తగ్గించారు. అప్పటికి చూసేవాళ్ళకి ఏ తేడా తెలియదు. అమెరికన్ సర్జన్ వాల్టర్ పోరీస్ బృందం 1995లోనే ఈ విషయం రాసింది: బరువు తగ్గడానికి చాలా ముందే, కొద్ది రోజుల్లోనే, చక్కెర అదుపులోకొస్తోందని. తిండి బాగా తగ్గడం ఒక కారణం. చిన్నపేగు పైభాగాన్ని దాటి ఆహారం త్వరగా కిందికి చేరడంతో జీఎల్‌పీ-1 అనే హార్మోన్ ఎక్కువగా ఊరి, ఇన్సులిన్‌ని ప్రేరేపించడం మరొకటి.

దీనికి తలకిందులైన ఉదాహరణ కూడా ఉంది. 2004లో అమెరికాలో 15 మంది స్థూలకాయ స్త్రీలకు లైపోసక్షన్ చేసి, పొట్ట దగ్గర చర్మం కింది కొవ్వు సుమారు పది కిలోలు తీసేశారు. పది పన్నెండు వారాల తర్వాత చూస్తే ఇన్సులిన్ పనితీరులో మెరుగుదలేమీ లేదు. లోకం చూసే కొవ్వు పోయింది, జబ్బు మిగిలింది. అదే ఏడాది పుణె వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ వైద్యుడు జాన్ యుడ్కిన్ తమ ఫోటో పక్కపక్కనే ప్రచురించారు. ఇద్దరి బీఎంఐ ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కి 9.1 శాతం, యాజ్ఞిక్‌కి 21.2.

మరి కళ్ళు కొలిచేదేమిటి? ఆరోగ్యం కాదు, నడవడి. లావుగా ఉన్న ఆడది నోరు కట్టుకోలేనిది, సన్నబడితే గుణవంతురాలు. పెళ్ళిళ్ళలో అక్కని "ఎంత బాగా తగ్గావే!" అని మెచ్చుకున్న వాళ్ళెవరూ షుగర్ గురించి అడగలేదు. జీవితాంతం మింగాల్సిన ఐరన్, బి12 గురించీ అడగలేదు. వాళ్ళని తప్పుపట్టే ముందు నన్ను నేను చూసుకోవాలి. నేనూ ఆమె నడుమునే చూశాను. వాళ్ళు తగ్గమన్నారు, నేను తగ్గొద్దన్నాను. ఆమె రక్తంలో ఏం జరుగుతోందో ఇద్దరమూ వినలేదు. పితృస్వామ్య చూపుని ఎదిరిస్తున్నాననుకుంటూ ఆ చూపుతోనే చూశాను.

ఈ కథకి సుఖాంతం లేదు. క్లీవ్‌లాండ్ క్లినిక్ అధ్యయనంలో బైపాస్ చేయించుకున్న వాళ్ళలో మూడు నెలల చక్కెర సగటు 6 శాతానికి మించనివాళ్ళు ఏడాదికి 42 శాతం (2012). అయిదేళ్ళకి 29 శాతం (2017). మందులు మాత్రమే వాడిన వాళ్ళలో అయిదేళ్ళకి 5 శాతమే. అంటే ఆపరేషన్ మేలు చేసింది, కానీ చాలామందికి జబ్బు తిరిగొచ్చింది. అది జబ్బు నడక. మన ఇళ్ళలో దాన్ని ఆడదాని తప్పుగా చదువుతారు.

ఈ మధ్య అక్క షుగర్ మళ్ళీ పెరిగింది. "ఎవరికీ చెప్పకు, నోరు కట్టుకోలేదంటారు" అంది. ఈసారి వాదించలేదు. రిపోర్టు చూపించమని అడిగి, పక్కన కూర్చుని చదివాను. ఇది రాయనా అన్నప్పుడు చాలాసేపు ఆలోచించింది. "పేరు రాయకు. షుగర్ సంగతి రాయి" అంది.