నలుగురూ చూపినంత మాత్రాన ఆప్తవాక్యమా?

మరొకరి మాటను ఎందుకు నమ్మాలి అన్న ప్రశ్నకు న్యాయదర్శనం ఇచ్చిన జవాబు చాలా పొట్టిది: ఆప్తుడు చెప్పాడు గనుక. విషయం స్వయంగా ఎరిగి, ఎరిగినది ఎరిగినట్టు ఇతరులకు తెలపాలన్న కోరిక ఉన్నవాడు ఆప్తుడు. ఈ లక్షణం ఋషికైనా ఆర్యుడికైనా మ్లేచ్ఛుడికైనా ఒక్కటేనని గౌతముడి న్యాయసూత్రాలకు భాష్యం రాసిన వాత్స్యాయనుడు తేల్చేశాడు. తర్కం నేర్చుకునేవాళ్లు ఇప్పటికీ మొదట పట్టుకునే తర్కసంగ్రహంలో, మన తెలుగువాడు అన్నంభట్టు దీన్ని ఇంకా కుదించి, ఉన్నదున్నట్టు పలికేవాడే ఆప్తుడన్నాడు. ఎంతమంది అతణ్ణి మెచ్చుకున్నారన్నది ఈ నిర్వచనాల్లో ఎక్కడా లేదు. ఇవాళ జ్వరం మందు మొదలుకొని గ్రహణ నియమాల దాకా ఏది కావాలన్నా సెర్చ్ ఇంజన్‌నే అడుగుతున్నాం, అది పైన పెట్టినదాన్నే నమ్ముతున్నాం. పైన పెట్టడానికి అది చూసే వాటిలో ఒకటి లింకుల లెక్క. ఆ లెక్క కొలిచేది ప్రసిద్ధిని. ప్రసిద్ధి ఆప్తత్వానికి ఒక్కోసారి గుర్తు కావచ్చు గానీ ఆప్తత్వమే కాజాలదన్నది నా వాదం.

లెక్కను తేలిగ్గా కొట్టిపారేయడానికి లేదు. దాని పుట్టుకలో మంచి తాత్త్విక వివేకం ఉంది. తొలినాళ్ల సెర్చ్ ఇంజన్లు ప్రధానంగా పేజీలో ఉన్న మాటలనే చూసేవి. అంటే ఎవరి గురించి వాళ్లు చెప్పుకున్నదే సాక్ష్యం. ఒకే మాట వందసార్లు రాసుకున్నవాడిదే పైచేయి. 1998లో స్టాన్‌ఫర్డ్ పరిశోధక విద్యార్థులు సెర్గీ బ్రిన్, లారీ పేజ్ ప్రకటించిన పేజ్‌ర్యాంక్ పద్ధతి దీన్ని తిరగేసింది. ఒక పేజీ విలువను దానివైపు చూపే ఇతర పేజీలు చెప్పాలి. ఆ చూపుడులన్నీ సమానం కావు. చూపేవాడికి ఎంత విలువ ఉంటే అతని చూపుకు అంత బరువు. అతను పది పేజీలను చూపితే ఆ బరువు పది వాటాలవుతుంది. లోపలికి వచ్చే లింకు ఆస్తి అయితే, బయటికి పోయే లింకు పంపకం. పరిశోధనా వ్యాసాల విలువను వాటిని ఉదహరించిన వ్యాసాలతో కొలవడం అప్పటికే ఉంది. 1960లలో యూజీన్ గార్ఫీల్డ్ తెచ్చిన సైన్స్ సైటేషన్ ఇండెక్స్ దానికి పునాది. నేటి గూగుల్ ఇంకా అనేక సంకేతాలు చూస్తుంది కానీ, లింకును వదిలిపెట్టలేదు.

తర్కం చదివినవాడు వెంటనే పట్టుకునే దోషం అన్యోన్యాశ్రయం. మొదటి పేజీ విలువ రెండోదాని మీద, రెండోదాని విలువ మొదటిదాని మీద ఆధారపడితే ఏదీ సిద్ధించదు కదా? ఈ ఆక్షేపణ నిలవదు. అన్ని పేజీలకూ సమాన విలువ ఇచ్చి మొదలుపెట్టి, లెక్కను మళ్లీ మళ్లీ తిప్పుతూ పోతే అంకెలు ఒకచోట కుదురుకుంటాయి. 32 కోట్ల పైచిలుకు లింకుల మీద సుమారు 52 విడతల్లో కుదురుకున్నాయని దాన్ని కనిపెట్టినవాళ్లే రాశారు. వృత్తం ఉన్నా గణితానికి ఇబ్బంది లేదు. అసలు ఇబ్బంది వేరే ఉంది. కుదురుకోవడం ఒకటి, నిజం కావడం మరొకటి. అభిప్రాయాలు ఒకదానితో ఒకటి పొసగాయని మాత్రమే ఆ అంకెలు చెబుతాయి. చూపినవాళ్లలో ఒక్కడైనా విషయాన్ని ఎరిగినవాడా అన్న ప్రశ్నకు ఆ సమీకరణంలో చోటే లేదు. ఉదాహరణకు, 2003 చివర్లో కొందరు కూడబలుక్కుని ‘ఘోర వైఫల్యం’ అనే అర్థమిచ్చే ఇంగ్లీషు మాటలతో అమెరికా అధ్యక్షుడు జార్జ్ బుష్ అధికారిక జీవితచరిత్ర పేజీకి లింకులిచ్చారు. ఆ పేజీలో ఆ మాటలు లేకపోయినా, వాటిని వెతికితే అదే పైకి వచ్చింది. బుష్ పాలన మీద ఎవరి అభిప్రాయం ఏదైనా కావచ్చు. అక్కడ పనిచేసింది సాక్ష్యం కాదు, గుంపు. ఇలాంటివాటికి గూగుల్ విరుగుడు వేసింది 2007లో.

దీనికంటే గట్టి ఆక్షేపణ ఇంకొకటుంది. పద్ధతి ఏదైతేనేం, ఫలితం దక్కుతోంది కదా? న్యాయదర్శనాన్ని అనుసరించే నైయాయికుడే జ్ఞానం నిజమా కాదా అన్నది పని నెరవేరడంతో తేలుతుందన్నాడు: నీళ్లు కనిపించాయి, వెళ్లాడు, దాహం తీరింది, కాబట్టి చూసినది నీళ్లే. రైలు వేళల విషయంలో ఈ మాట నేను పూర్తిగా ఒప్పుకుంటాను. స్టేషన్‌కు వెళితే తెలిసిపోతుంది. కానీ గౌతముడు శబ్దాన్ని, అంటే ఆప్తవాక్యాన్ని, రెండుగా విడదీశాడు, ఇక్కడ చూసి తేల్చుకోదగినది, అలా తేల్చుకోలేనిది అని. గతించిన చరిత్ర, ధర్మసందేహం, వ్రతఫలం రెండో కోవలోవి. దీర్ఘకాలంలో ఒక మందు ఏం చేస్తుందన్నది కూడా, ఒంటరి రోగికి సంబంధించినంతవరకు, దాదాపు అటువంటిదే. వీటిలో పేజీ తెరిచి చదవడంతో ఏ దాహమూ తీరదు, తీరిందన్న భ్రమ తప్ప. అక్కడ నైయాయికుడు వేరే దారి తొక్కాడు: మంత్రం, ఆయుర్వేదం పరీక్షకు నిలిచాయి గనుక, వాటిని చెప్పిన ఆప్తుల మాటను పరీక్షకందని చోట కూడా నమ్మవచ్చని. సెర్చ్ ఇంజన్ చేసేదీ ఇంచుమించు ఇదే. ఒక విషయంలో లింకులు సంపాదించిన సైటుకు మరో విషయంలోనూ ఆ పరపతి అక్కరకొస్తుంది.

అయితే ఈ బదలాయింపు చెల్లాలంటే రెండుచోట్లా మాట్లాడినవాడు ఒకడే కావాలి. వెబ్‌లో పేరు నిలిచి ఉంటుంది, మనిషి మారిపోతాడు. గడువు తీరిన డొమైన్లను పాత లింకుల కోసమే కొని అందులో పనికిమాలినది నింపేవాళ్లున్నారు. పేరున్న సైట్లు తమ నీడలో వేరేవాళ్ల సరుకు పెట్టనిస్తాయి. 2024 మార్చిలో గూగుల్ ఈ రెండింటినీ స్పామ్‌గా ప్రకటించక తప్పలేదు. దోషం బయటపడేదాకా మాటను నమ్మడమే సహజమని మరో దర్శనానికి చెందిన మీమాంసకుడు ఇక్కడ అడ్డు చెప్పవచ్చు. నిజమే, అంతగా శంకిస్తే బతకలేం. కానీ లింకుల కొనుగోలు చాటుమాటు సంగతి కాదు. అలాంటివాటిని అణచడానికి 2012 ఏప్రిల్‌లో గూగుల్ పెంగ్విన్ అనే మార్పు తెచ్చింది. దోషానికి కారణం ఫలానా అని తెలిశాక మీమాంసకుడి మొదటి నమ్మకం కూడా సడలాల్సిందే.

ఆప్తత్వానికి ఈ వ్యవస్థలో ఏమైనా చోటుంటే అది లింకు పొందినవాడి దగ్గర కాదు, ఇచ్చినవాడి దగ్గర. కంప్యూటర్ శాస్త్రవేత్త జాన్ క్లైన్‌బర్గ్ దాదాపు పేజ్‌ర్యాంక్ కాలంలోనే రూపొందించిన పద్ధతి మంచి పేజీలను చూపగలగడాన్నే ఒక యోగ్యతగా లెక్కవేసింది. పేజ్‌ర్యాంక్‌లో చూపినవాడికి అలాంటి గౌరవం లేదు, చూపిన పాపానికి శిక్షా లేదు. ఆపైన 2005లో ‘నోఫాలో’ అనే గుర్తు వచ్చింది: లింకు ఇస్తున్నాను గానీ హామీ ఉండను అని దాని భావం. వ్యాఖ్యల్లో చేరే ప్రకటనల చెత్తను ఆపడానికి పుట్టిన ఆ గుర్తును 2007 జనవరిలో ఇంగ్లీషు వికీపీడియా తన బయటి లింకులన్నిటికీ తగిలించింది. దాంతో ఎవరో చదివి, సరిచూసి ఆధారంగా ఇచ్చిన లింకుకు హామీ లేదన్న ముద్ర పడింది. చదవకుండా మొహమాటానికి ఇచ్చిన లింకు ఓటుగా చెల్లుతూనే ఉంది. 2019 సెప్టెంబరులో గూగుల్ ఆ గుర్తును ఇకపై ఆజ్ఞగా కాక సూచనగా మాత్రమే తీసుకుంటానని ప్రకటించింది. హామీ ఇచ్చిందెవరో, ఇవ్వనిదెవరో తేల్చే అధికారం కూడా ఇప్పుడు లింకు ఇచ్చినవాడి చేతిలో లేదు.