ఆషాఢంలో పుట్టే అవసరం

తెలుగువారికి ఆషాఢం శూన్యమాసం. ఆ నెలలో పెళ్లి ముహూర్తాలు ఉండవు, గృహప్రవేశాలు జరగవు, కొత్త కోడలు పుట్టింటికి వెళుతుంది, కాబట్టి ఒకప్పుడు బట్టల కొట్లలో బేరాలు సన్నగిల్లేవి. కొత్త బట్టతో పని లేని ఆ నెలే నేడు విజయవాడ, గుంటూరు దుకాణాలకు పెద్ద సీజన్ అయిందంటే, మంగళగిరి మీదుగా పోయే జాతీయ రహదారి పక్కన ఆషాఢం తగ్గింపు బోర్డులు లేస్తున్నాయంటే, ప్రకటన ఉన్న అవసరానికి దారి చూపడంతో ఆగక లేని అవసరాన్ని పుట్టించగలదని ఒప్పుకోక తప్పదు. ఆర్థికవేత్త గాల్‌బ్రెయిత్ 1958లో వెలువరించిన గ్రంథంలో దీనిని ‘ఆధారిత ప్రభావం’గా వివరించాడు, సరుకును తయారుచేసే వ్యవస్థే ఆ సరుకు మీద కోరికను కూడా తయారుచేస్తుందని దాని భావం. దానానికి పేరుపడ్డ అక్షయ తృతీయ, సింహాచలంలో చందనోత్సవం జరిగే ఆ పుణ్యతిథి, బంగారం కొనే రోజుగా మారిన తీరూ ఇలాంటిదే.

కోరిక పుట్టే పద్ధతి గమనించదగినది. రెండు వేలు కొట్టేసి వెయ్యి అని రాసిన చీటీ చూసినప్పుడు, ఆ రెండు వేలు ఎన్నడైనా ఎవరైనా ఇచ్చిన ధరేనా అని మనసు అడగదు. దానినే కొలతగా పెట్టుకుని, ఇంటికి వచ్చాక ‘వెయ్యి కలిసొచ్చింది’ అనుకుంటుంది. కలిసిరావడమంటే చేతికి అందడం. ఇక్కడ చేతిలోని వెయ్యి పోయింది. ‘ఇది కావాలా’ అన్న ప్రశ్నను ‘ఎంత తగ్గింది’ అన్న ప్రశ్న తోసేసింది, ‘మూడు రోజులే’ అన్న గడువు ఆలోచించే వ్యవధిని కూడా మింగేసింది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం తప్పుదారి పట్టించే ప్రకటనకు పది లక్షల రూపాయల వరకు జరిమానా విధించవచ్చంటుంది గాని, అబద్ధం ఒక్కటీ లేకుండా అక్కరలేని వస్తువును అంటగట్టే ప్రకటనకు ఏ చట్టమూ అడ్డుపడలేదు. ఆ కాపలా కొనేవారిదే.

మంగళగిరి నేతచీర ఈ పద్ధతికి లొంగదు. గుంట మగ్గం మీద నేసిన ఆ నూలుచీరకు ఒంటినిండా పువ్వులుండవు; సాదా ఒళ్లు, జరీ పట్టీతో నిజాం అంచు, దాని గొప్పతనమంతా పడుగు పేకల దట్టమైన అల్లికలో ఉంటుంది. వేళ్లతో పట్టి, వెలుతురుకు ఎత్తి చూస్తేనే తెలిసే ఆ గుణం బోర్డు మీది బొమ్మకు అందదు, అంకెకు అసలే అందదు. అందుకే అచ్చు అంచుల మరమగ్గం బట్ట అదే పేరుతో సగం ధరకు ఎదురైనప్పుడు, తగ్గిన రూపాయలే కనబడి నేత కనబడకుండా పోతుంది. నేతగాడి కూలి అక్కడే తెగుతుంది. అవసరం లేని కొనుగోలు కొన్నవారికే నష్టమనుకోవడం పొరపాటు.

ఈ ఏడు ఆషాఢం బోర్డులు లేచేలోగా ప్రతి ఇంటా బీరువా తెరిచి, మడత విప్పని, ధర చీటీ ఊడని చీరలు ఎన్ని ఉన్నాయో ఒక్కసారి లెక్కపెట్టుకోవాలి.