వాలు మీద నిలబడే విద్య

గోల్ఫ్‌లో చదును నేల హక్కుగా దొరికేది ప్రతి హోల్‌లోనూ మొదటి దెబ్బకు మాత్రమే. సమంగా చెక్కిన జాగాలో, టీ అనే చిన్న మేకు మీద బంతిని నిలబెట్టుకుని కొడతాం. ఆ తరువాత బంతి ఎక్కడ ఆగితే అదే మన చోటు. మిట్ట మీదికి ఎక్కే వాలులో ఆగవచ్చు, పల్లంలోకి దిగే వాలులో ఆగవచ్చు, పాదాలకంటే ఎత్తున ఆగవచ్చు, పాదాలకంటే దిగువన ఆగవచ్చు. ఉన్నచోటి నుంచే కొట్టాలి. ఎడింబరా పక్కన లీత్‌లో ఆడేవాళ్ళు 1744లో తమ ఆటకు 13 నిబంధనలు రాసుకున్నారు. బంతి కొట్టడానికి అనువుగా ఉంటుందని దారిలోని రాళ్ళనూ ఎముకలనూ, 'ఫెయిర్ గ్రీన్' అనే పచ్చిక మీద తప్ప, తొలగించకూడదన్నది వాటిలో ఒక నిబంధన. నేలను మనకు తగ్గట్టు సర్దుకోకూడదన్న ఆ పట్టుదల నేటికీ ఈ ఆటకు ప్రాణం.

మా పుదూరు చుట్టుపక్కల గోల్ఫ్ మైదానం లేదు. మాది కోవిల్‌పట్టి, విరుదునగర్ల మధ్య పరుచుకున్న కరిసల్ సీమ, నల్లరేగడి. వాన పడితే అడుగుకింత మట్టి కాళ్ళకు చుట్టుకుంటుంది. ఎండ ముదిరితే చెయ్యి దూరేంత నెర్రెలు విచ్చుతుంది. పత్తీ మిరపా మినుమూ పండే ఈ నేల మీద కర్రా బంతీ అంటే హాకీయే. కోవిల్‌పట్టిని హాకీ ఊరుగా తమిళనాడంతా ఎరుగుదురు. నేను గోల్ఫ్ క్లబ్ పట్టుకున్నది పళని కొండల మీద, కొడైకానల్‌లో. సముద్రమట్టానికి 2,000 మీటర్ల పైన ఉన్న ఆ మైదానంలో సమమైన చోటు వెతికినా దొరకదు. అక్కడ నేర్చుకున్నది ఆటతో ఆగలేదు. అందుకే ఈ మాటలు రాస్తున్నాను.

కుడిచేతివాటం మనిషి మిట్ట వైపుకు కొట్టాల్సి వచ్చిందనుకోండి. ఎడమ పాదం ఎత్తున ఉంటుంది, కుడి పాదం దిగువన ఉంటుంది. ఒళ్ళు వెంటనే ఆ వాలును కాదంటుంది. నడుము బిగించి, చదును నేల మీద ఉన్నట్టే భుజాలను సమంగా నిలబెట్టుకోవాలని చూస్తుంది. అలా కొడితే క్లబ్ ఎదుటి గట్టులో దిగబడుతుంది. చెయ్యాల్సింది భుజాలను వాలుకు సమాంతరంగా వంచడం. బరువులో కొంత దిగువ కాలి మీద ఉండనిచ్చి, క్లబ్‌ను వాలు వెంబడి పైకి సాగనివ్వాలి. అప్పుడు బంతి శుభ్రంగా తగులుతుంది కానీ మామూలు కంటే ఎత్తుకు లేచి, దగ్గరలోనే పడుతుంది. కారణం లెక్కలోనే ఉంది. నేల 5 డిగ్రీలు ఎత్తితే క్లబ్ ముఖం వాలుకు ఆ 5 డిగ్రీలూ వచ్చి చేరతాయి. ఐరన్ అనే క్లబ్బుల్లో ఒక నంబరుకూ తరువాతి నంబరుకూ ముఖం వాలులో తేడా సుమారు 4 డిగ్రీలే. అంటే మన చేతిలో ఏడో నంబరు ఉన్నా నేల దాన్ని ఎనిమిదో నంబరు చేసేసింది. ఏడో నంబరు దూరం కావాలంటే ఆరో నంబరు తియ్యాలి. కొండ తీసుకున్నదెంతో తెలిసినవాడు అంత ముందే కలుపుకుంటాడు.

దిగువ వాలులో కథ తిరగబడుతుంది. బంతి తక్కువ ఎత్తున దూసుకుపోతుంది, నేల తాకాక ఎక్కువ దొర్లుతుంది. ఇక్కడ ఒంటికి పుట్టే కోరిక వేరు: బంతిని ఎలాగైనా గాలిలోకి లేపాలి. ఆ కోరికతో మనిషి వెనక్కి వాలతాడు. క్లబ్ బంతికంటే ముందు నేలను గీరుతుంది, లేదా బంతి నెత్తిన తగిలి దాన్ని గడ్డి మీద దొర్లిస్తుంది. బంతిని లేపే పని క్లబ్ ముఖానిది. ఆటగాడి పని క్లబ్ వాలు వెంబడి కిందికి వెళ్ళేదాకా దాని వెంట ఉండడం. పల్లం వైపు వెళ్ళడానికి మనసు ఒప్పుకోవాలి; ఒప్పుకుంటేనే బంతి లేస్తుంది. నాలుగు వాలుల్లో నాకు కష్టమని తోచేది ఇదే. పైకి ఎక్కేటప్పుడు శక్తి సరిపోతుంది, దిగేటప్పుడు నమ్మకం కావాలి.

మిగిలిన రెండూ అడ్డవాలులు. బంతి పాదాలకంటే ఎత్తున ఉంటే నిటారుగా నిలబడి, క్లబ్‌ను కాస్త కిందికి పట్టుకోవాలి. అది ఎడమకు పోతుంది కాబట్టి గురి కుడికి పెట్టుకోవాలి. పాదాలకంటే దిగువన ఉంటే పిడి చివరిదాకా పట్టుకుని, మోకాళ్ళు వంచి, కొట్టడం పూర్తయ్యేదాకా ఆ వంపులోనే ఉండాలి. అది కుడికి పోతుంది కాబట్టి గురి ఎడమకు పెట్టాలి. నాలుగు చోట్లకూ కలిపి ఒకే మాట ఉంది: బలం తగ్గించు. స్వింగ్ ముగిశాక తూలకుండా నిలబడగలిగినంత బలమే వాడాలి. కొట్టేముందు బంతి పక్కన ఒకటి రెండుసార్లు ఉత్తినే ఊపి, క్లబ్ గడ్డిని ఎక్కడ తాకుతుందో చూసుకోవాలి. ఆ వాలు మీద మన ఊపు ఎక్కడ ముగుస్తుందో ఆ తాకిడే చెబుతుంది.

కరిసల్ ఊళ్ళల్లో చెరువు లోతట్టుకు దిగి, నిండు బిందె చంకనెత్తుకుని కట్ట ఎక్కే ఆడవాళ్ళను చూసినవాళ్ళకు ఇదంతా కొత్తగా ఉండదు. కట్ట ఎక్కేటప్పుడు వాళ్ళ నడుము కట్ట వైపుకే ఒరుగుతుంది, అడుగు పొట్టిదవుతుంది, బిందె ఉన్న పక్కకు ఎదురుగా రెండో చెయ్యి చాపుకుంటారు. తొందరపడరు. నీళ్ళు తొణకవు. వాళ్ళెవరూ వాలును జయించాలని చూడరు. దాని కొలత ఒంటికి తెలుసు, అంతే. గోల్ఫ్ నేర్పేవాళ్ళు బరువూ భుజమూ మోకాలూ అని విడదీసి చెప్పేదంతా ఆ నడకలో కలిసే ఉంది.

ఇక గురి సంగతి. వాలు మీద ఆడేవాడు లక్ష్యం వైపు కాకుండా పక్కకు గురిపెడతాడు. తెలియనివాళ్ళకు అది తప్పుగా కనిపిస్తుంది. 2023 మాస్టర్స్ టోర్నమెంటు చివరి రోజున, అగస్టాలోని 16వ హోల్‌లో, సాహిత్ తీగల అనే ఆటగాడు గ్రీన్ అవతలి నుంచి కొట్టిన చిప్ షాట్ చూసినవాళ్ళకు ఇది బాగా అర్థమవుతుంది. ఆయన బంతిని జెండా వైపు కొట్టలేదు. జెండాకు దూరంగా, మిట్ట మీదికి పంపాడు. అక్కడి నుంచి నేలే దాన్ని మెల్లగా తిప్పి, దొర్లించి, గుంటలో వేసింది. 2005లో అదే గ్రీన్ మీద టైగర్ వుడ్స్ కొట్టిన చిప్ అందరికీ గుర్తొచ్చింది. ఆ టోర్నమెంటులో తొలిసారి ఆడిన సాహిత్ తొమ్మిదో స్థానాన్ని పంచుకున్నాడు. అగస్టా వాలులు టీవీలో కనిపించవు. పదో హోల్ టీ నుంచి గ్రీన్ దాకా సుమారు 30 మీటర్లు దిగుతుంది. పదమూడో హోల్ ఫెయిర్‌వే అడ్డంగా ఒరిగి, బంతిని కుడిచేతి ఆటగాడి పాదాలకంటే ఎత్తున నిలబెడుతుంది. అలాంటి చోట వాలును లెక్కలోకి తీసుకోనివాడికి అది శత్రువు, తీసుకున్నవాడికి పనివాడు.

హైదరాబాదు నుంచి అమెరికా వెళ్ళిన తెలుగు దంపతుల కొడుకు సాహిత్. 1997లో కాలిఫోర్నియాలో పుట్టాడు. చిన్ననాటి నుంచీ ఆయన వెన్నెముకలో వంపు ఉంది; డాక్టర్లు స్కోలియోసిస్ అంటారు. నేల సమంగా ఉన్న చోట కూడా ఆయన ఒళ్ళు సమంగా ఉండదు. స్వింగ్ పుస్తకంలో బొమ్మలా ఉండదు. ఆ ఒంటికి తగ్గ స్వింగ్‌నే సాధన చేసి, 2020లో అమెరికా కాలేజీ గోల్ఫ్‌లోని పెద్ద పురస్కారాలు అందుకున్నాడు. 2023 సెప్టెంబరులో నాపాలో ఫోర్టినెట్ చాంపియన్‌షిప్‌ను రెండు స్ట్రోకుల తేడాతో గెలిచాడు. ఆయన ఆట చూస్తుంటే నాకు కలిగే ధైర్యం ఇది: వంపు బయట ఉన్నా, లోపల ఉన్నా, దాన్ని దాచిపెట్టి కొట్టిన దెబ్బ నిలవదు. దాన్ని కలుపుకుని కొట్టిన దెబ్బ నిలుస్తుంది.

మా సీమలో ఈ సంగతికి ఇంకో గొప్ప సాక్ష్యం ఉంది. విజయనగర కాలం నుంచీ, మదురై నాయకుల కాలం నుంచీ ఇక్కడికి వచ్చి స్థిరపడ్డ తెలుగువాళ్ళం మేము. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. మాట ఒకటి, రాత ఒకటి. ఆ ఒరుగు మీదే మా చదువులన్నీ నిలబడ్డాయి. కోవిల్‌పట్టి పక్కనున్న ఇడైసేవల్‌లో పుట్టిన రచయిత కి. రాజనారాయణన్ కూడా తెలుగింటివాడే. ఆయన పండితుల తమిళం కోసం మెడ నిక్కించలేదు. కరిసల్ రైతులు ఎలా మాట్లాడతారో అలాగే రాశారు. తెలుగువాళ్ళ వలస కథను 'గోపల్ల గ్రామం' నవలగా తమిళంలోకి తెచ్చారు. దాని తరువాయి అయిన 'గోపల్లపురత్తు మక్కళ్' నవలకు 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. కరిసల్ మాటలకు నిఘంటువు కూడా కూర్చారు. 2021లో ఆయన కన్నుమూసేనాటికి కరిసల్ సాహిత్యమనే ఒక పాయ తమిళంలో స్థిరపడింది. భుజాలను తన నేల వాలుకు సమాంతరంగా పెట్టుకున్న రచయిత ఆయన.

అయితే ఇక్కడ ఆగితే ప్రమాదం ఉంది. వాలుతో సర్దుకో అనే మాట బలవంతుల నోట పడితే, ఉన్నదానితో సర్దుకో అనే శాసనం అవుతుంది. బడి లేని ఊరినీ, బస్సు రాని ఊరినీ, నీళ్ళు అందని వీధినీ చూపించి, అదే నీ నేల, అక్కడి నుంచే కొట్టు అనడం అన్యాయం. గోల్ఫ్ నియమంలో ఆ అన్యాయం లేదు. ఆ ఆటలో వాలు అందరికీ ఒక్కటే. రాజు బంతి పడ్డా అదే మిట్ట, పనివాడి బంతి పడ్డా అదే మిట్ట. 1987లో శాన్‌డియాగో దగ్గర టోరీ పైన్స్‌లో క్రెయిగ్ స్టాడ్లర్ అనే పేరున్న ఆటగాడు, చెట్టు కింద చిక్కిన బంతిని కొట్టడానికి మోకాళ్ళ మీద కూర్చుంటూ, ప్యాంటు తడవకుండా కింద తువ్వాలు పరుచుకున్నాడు. నిలబడే చోటును కట్టుకోవడం కింద అది నియమభంగమైంది. రెండు స్ట్రోకుల దండన కలపకుండా స్కోరు కార్డు మీద సంతకం చేశాడు కాబట్టి, రెండో స్థానం పంచుకునే స్కోరుతో ముగించినా పోటీ నుంచి తప్పించారు. కఠినంగా తోచవచ్చు. కానీ ఎంత పేరున్నవాడి కిందా ఒక తువ్వాలు మందం మెత్తదనం కూడా అదనంగా ఉండకూడదన్న పంతం అందులో ఉంది. సమాజపు వాలుల్లో ఆ పంతం లేదు. అక్కడ కొందరికి పుట్టుకతోనే తువ్వాళ్ళు పరిచి ఉంటాయి.

హాకీ చరిత్ర ఈ తేడాను కళ్ళకు కట్టిస్తుంది. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో మొదటిసారి హాకీని కృత్రిమ మైదానం మీద ఆడించారు. అప్పటికి ఏడు స్వర్ణాలు గెలిచిన భారత్ ఏడో స్థానానికి పడిపోయింది. గడ్డి మీద, మట్టి మీద, ఎగుడుదిగుడుల్లో బంతిని కర్రకు అంటిపెట్టుకుని నడిపించే మన విద్యకు ఆ నున్నటి నేల మీద విలువ తగ్గింది. ఆ నేల ఉన్న దేశాలు ముందుకు వెళ్ళాయి. మన పిల్లలకు అలాంటి నేల చాలాకాలం అందలేదు. అది ఆటగాడి భుజం వంపుతో సరిదిద్దగలిగే వాలు కాదు. దాన్ని ప్రభుత్వమూ ఊరూ కలిసి సరిచేయాలి. కోవిల్‌పట్టిలో అది జరిగింది. కృత్రిమ మైదానం వచ్చింది, హాకీ పిల్లల కోసం రాష్ట్ర ప్రభుత్వ క్రీడా హాస్టల్ నడుస్తోంది. ఆ ఊరి మారీశ్వరన్ శక్తివేల్, ఆ హాస్టల్లో తయారైన అరియలూరు కుర్రవాడు కార్తీ సెల్వం 2022లో జకార్తా ఆసియా కప్‌లో భారత జట్టుకు ఆడి కాంస్యంతో తిరిగొచ్చారు. నేల చదును కావడం వల్ల వాళ్ళ కష్టం తగ్గలేదు. వాళ్ళ కష్టానికి అర్థం దొరికింది.

కాబట్టి వాలులు రెండు రకాలు. ఒకటి మనుషులు చేసింది, మనుషులే చదును చేయగలిగింది. దాని ముందు సర్దుబాటు నేర్పడం తప్పు. పార పట్టడమే ధర్మం. రెండోది బంతి వెళ్ళి ఆగిన చోటు: ఒంటి తీరు, పుట్టిన కాలం, రావాల్సిన వాన రాకపోవడం, చెయ్యి దాటిపోయిన నిన్న. దాని ముందు పార పనికిరాదు. అక్కడ భుజం వంచాలి, గురి మార్చాలి, బలం తగ్గించాలి, చివరిదాకా తూలకుండా నిలబడాలి. మొదటిదాన్ని రెండోదని భ్రమపడ్డవాడు బానిసవుతాడు. రెండోదాన్ని మొదటిదని భ్రమపడ్డవాడు జీవితమంతా కొండను తిడుతూ గడుపుతాడు.

చదువరులకు నా విన్నపం ఒక్కటే. మీ ఊళ్ళో పిల్లలు ఆడుకునే జాగా ఉంటే వెళ్ళి చూడండి. రాళ్ళుంటే ఏరించండి, గుంతలుంటే పూడ్పించండి, అది ఆక్రమణల పాలవుతుంటే పంచాయతీలో అడగండి. ఆ పని మనది, పిల్లలది కాదు. మీ సొంత బంతి మాత్రం ఏ ఒరుగు మీద ఆగినా, ముందు ఆ ఒరుగును పాదాలతో తెలుసుకుని, ఆ తరువాతే క్లబ్ ఎత్తండి.