మేత్రాణుల పలక

మార్కాపురం, గిద్దలూరు వైపు కథోలికులు బిషప్పును మేత్రాణులు అంటారు. ఆ మాటకు మూలం సిరియాక్. కేరళలోనూ మెత్రాన్ అనే అంటారు. మేత్రాణుల పట్టాభిషేకానికి అచ్చయ్యే ఆహ్వానపత్రిక మీద, ఆ తర్వాత ఆయన విచారణ (పారిష్) గురువులకు పంపే లేఖల నెత్తిన ఒక లాంఛనం కనిపిస్తుంది. నడుమ డాలు, దాని వెనక నిలువుగా సిలువ, పైన వెడల్పాటి అంచున్న ఆకుపచ్చ టోపీ, దాన్నుంచి రెండు పక్కలా జారే ఆరేసి కుచ్చులు, అడుగున పట్టీ మీద ఒక ధ్యేయవాక్యం. ఇనుప తొడుగులో ముఖం కనిపించని యోధుణ్ణి గుర్తుపట్టడానికి పన్నెండో శతాబ్దపు ఐరోపాలో డాలు మీద వేసిన రంగులే దీనికి మూలం. తాతముత్తాతలకు ఏ లాంఛనమూ దక్కనివ్వని ఊళ్లలో, ఆ తాతముత్తాతల మనుమలే ఎక్కువమంది విశ్వాసులుగా ఉన్న సంఘానికి ఈ దొరల గుర్తు ఎందుకని అడగడం న్యాయమే. నా మటుకు నాకు అది దొరల గుర్తుగా మిగల్లేదనిపిస్తుంది. దానిలో ఏం ఉందో చూసేకన్నా, దాన్నుంచి ఏం తీసేశారో చూస్తే సంగతి తెలుస్తుంది.

యోధుడి లాంఛనంలో డాలుపైన శిరస్త్రాణం ఉంటుంది. గురువు యుద్ధం చెయ్యడు కాబట్టి ఆ చోట టోపీ వచ్చింది. కొన్ని పీఠాలకు పాత రోజుల్లో అంటుకున్న ప్రభువుల బిరుదులను, కిరీటాలను వాడరాదని 1951లో పన్నెండో పయస్ పోపు కాలంలో ఆజ్ఞ వచ్చింది. 1969లో డాలు మీది, బిషప్పు తలమీద పెట్టుకునే మైటర్‌ను, చేతికర్రను కూడా తీసెయ్యమన్నారు. వీటన్నిటికన్నా పెద్దది వారసత్వం పోవడం. యోధుడి డాలు కొడుక్కి వెళుతుంది. అసలు దాని పనే అది, పుట్టుకను చాటడం. మేత్రాణులకు కొడుకు లేడు. ఆయన పోగానే ఆ డాలు అక్కడితో సరి. తరవాత వచ్చినాయన తన గుర్తులు తాను రాసుకోవాలి. సంస్కృతంలో ఫలకమంటే చెక్కా, డాలూ కూడా. మార్కాపురం పలకల ఊరు. పలక ఎవరి చేతిలో ఉంటే వాళ్ల అక్షరాలు దానిమీద ఉంటాయి, తడిగుడ్డ పెడితే పోతాయి. మేత్రాణుల డాలు ఆ జాతి పలక. పుట్టుకే మనిషి హోదాను, పంక్తిలో చోటును తేల్చిన సమాజంలో, తండ్రి నుంచి రాని, కొడుక్కి పోని గౌరవ చిహ్నం చిన్న విషయం కాదు.

కుచ్చుల లెక్క మాటేమిటని అడగొచ్చు. బిషప్పుకు మొత్తం 12, ఆర్చిబిషప్పుకు 20, కార్డినల్‌కు ఎర్రటోపీతో 30. నంద్యాల దగ్గర పోలూరులో పుట్టి, 2008లో కర్నూలు మేత్రాణులై, 2020లో హైదరాబాదు ఆర్చిబిషప్పుగా నియమితులైన పూల ఆంథోనీ గారు 2022 ఆగస్టు 27న కార్డినల్ అయ్యారు. తెలుగువాళ్లలో, దళితుల్లో ఆయనే మొదటి కార్డినల్. నియమం ప్రకారం ఆ రోజుతో టోపీ రంగూ మారాలి, పది కుచ్చులూ పెరగాలి. ఇది అంతస్తు కాదని నేననను. అంతస్తే. కాని ఆ అంతస్తు అంతా డాలు బయట ఉంది. డాలు లోపల మెట్లు లేవు. నియామకంతో వచ్చే మెట్టుకూ నెత్తురుతో వచ్చే మెట్టుకూ తేడా ఎంతో ఈ పశ్చిమ ప్రకాశంలో ఒకరు చెప్పాలా? ఆ తేడా ఉందని నియామకాల్లో పక్షపాతం ఉండదని కాదు. లాంఛనం దానికి మందు కాదు.

గట్టి అభ్యంతరం బాప్టిస్టులది. ఈ ప్రాంతంలో అది ఊహించి చెప్పే వాదం కాదు. కనిగిరి వైపు తాళ్లకొండపాడుకు చెందిన ఎర్రగుంట్ల పేరయ్య 1866లో బాప్తిస్మం తీసుకున్నాడు. మాదిగవాడల్లో అమెరికన్ బాప్టిస్టు సంఘాలు లేచిన దారి అది. కంభం, మార్కాపురం వాళ్ల మిషన్ స్థావరాలయ్యాయి. వాళ్లకు బిషప్పే లేడు, ఇక టోపీ ఎక్కడిది? యేసుకు దక్కిన లాంఛనం ముళ్ల కిరీటమొక్కటే కదా అన్నది వాళ్ల పట్టు. దీనికి నా దగ్గర సగం జవాబే ఉంది. గుర్తులు వద్దన్నచోట కూడా గుర్తు పుడుతుంది. బిషప్పు లేని సంఘంలో పాస్టరుగారి తెల్లబట్టలూ, చంకన నల్లట్ట బైబిలూ ఆ పనే చేస్తాయి. తేడా అల్లా ఆ గుర్తులకు రాసిపెట్టిన నియమం లేదు, లాంఛనానికి ఉంది. నియమం ఉన్నదాన్ని 1951లో, 1969లో కత్తిరించినట్టు కత్తిరించవచ్చు.

పరాయిదన్న వాదం మీద నేను ఎక్కువసేపు ఆగను. కంభం చెరువు తవ్వించిన విజయనగర ప్రభువులకు వరాహ లాంఛనం ఉంది. ముద్రలూ బిరుదులూ మనకు కొత్త కాదు. కాకపోతే వాళ్ల వరాహం ఏలిక చిహ్నం. అది చూసి వంగాలి.

మేత్రాణులు తన లాంఛనాన్ని చూసి ఎవరు వంగాలనుకుంటారో చెప్పేది అడుగున పట్టీ మీది ధ్యేయవాక్యం. అది ఆయనే ఎంచుకుంటాడు, మామూలుగా వాక్యగ్రంథం నుంచే, అందరికీ కనపడేట్టు. కాబట్టి ఆయన నడత దానికి తగినట్టు లేకపోతే గిద్దలూరు విచారణలో కూర్చున్న ఏ ఉపదేశి అయినా ఆ లేఖ తిప్పి చూపించి అడగవచ్చు. ఇక టోపీ సంగతి. పూర్వం కార్డినల్‌కు నిజంగానే ఎర్రటోపీ ఇచ్చేవాళ్లు, 1969 దాకా. ఆయన చనిపోయాక దాన్ని సమాధిపైన గుడికప్పుకు వేలాడదీసేవాళ్లు. దాన్ని దులపడం గాని, బాగుచెయ్యడం గాని ఆచారం కాదు. దారాలు చివికి, కుచ్చులు ఒక్కొక్కటే రాలి, గుడ్డ పొడైపోయేదాకా అలాగే ఉండేది.