పడినవాడు పడినవానిని లేపగలడా?



త్రాగుడు మానదలచినవారు నేడు చేతి ఫోనులమీదనే గుంపుగా కూడి, ఒకరి కష్టము ఒకరికి చెప్పుకొని, ఒకరినొకరు నిలువబెట్టుకొనుచున్నారు. అచ్చట ఉపదేశకుడు లేడు. అందరును త్రాగి చెడినవారే. ఇది విని మన పెద్దలు కొందరు, “తానే నిలువలేనివాడు ఇతరునికేమి చెప్పును?” అని, గ్రుడ్డి మార్గదర్శకులను గూర్చి ప్రభువు పలికిన మాటను జ్ఞాపకము చేయుదురు. ప్రశ్న తగినదే. ఆలోచింతము.

ఇట్టి గుంపులలో ఒకదానికి మొదలు 1935లో జరిగినది. బిల్ విల్సన్ అను అమెరికా దేశస్థుడు త్రాగుడువలన ఉద్యోగమును ఆరోగ్యమును పాడుచేసికొని, 1934 డిసెంబరు నుండి మానియుండెను. మే నెలలో పనిమీద ఆక్రన్ పట్టణమునకు వచ్చెను. ఆ పని చెడెను. హోటలులో ఒకవైపు పానశాల, ఒకవైపు టెలిఫోను. మనస్సు పానశాలవైపు లాగుచుండగా, అతడు ఫోను తీసి ఆ ఊరి పాదిరిగారినొకరిని పిలిచి, తాను మాటలాడుటకు మరియొక త్రాగుబోతును చూపుమని వేడుకొనెను. ఆయన కొన్ని పేర్లు చెప్పెను. ఒక స్త్రీ సహాయమున మరునాడు బాబ్ స్మిత్ అను శస్త్రవైద్యుని కలిసెను. పదిహేను నిమిషములే యుందునని వచ్చిన ఆ వైద్యుడు గంటలకొలది కూర్చుండెను. తరువాత ఒకమారు పడెను గాని, ఆ జూన్ నెలనుండి 1950లో మరణించువరకు మరల త్రాగలేదు. ఇట్లు పుట్టిన సహవాసమునకు “ఆల్కహాలిక్స్ అనానిమస్” అని పేరు. అనగా పేరు బయలుపరచని త్రాగుబోతులు.

ఆ వైద్యునికి మద్యము చేయు కీడు తెలియనిదా? ఆయన కొరకు ప్రార్థించినవారు లేకపోయిరా? ఉండిరి. అయినను, అనుభవముతో మాటలాడిన మనిషి ఆయనకు దొరికినది అప్పుడే.

గ్రుడ్డి మార్గదర్శకుని దోషము గ్రుడ్డితనము కాదు, నాకు చూపు కలదని చెప్పుట. విల్సన్ అట్లు చెప్పలేదు. వాగులో బండి దిగబడినవాడు వెనుకవచ్చు బండికి, “ఇటు రావద్దు, ఇక్కడ ఊబి యున్నది” అని కేకవేయును. ఆ కేక వేయుటకు వానికంటె తగినవాడెవడు?

మరియొక ప్రశ్న గలదు. విల్సన్ తన్ను తాను కాపాడుకొనుటకే ఇతరుని వెదకెను గదా, అది ప్రేమ యగునా? ప్రసంగి 4వ అధ్యాయములో, ఇద్దరు కలిసి పండుకొనినయెడల చలి తీరునను భావము గలదు. అందు వెట్ట ఇచ్చినవాడెవడు, పుచ్చుకొనినవాడెవడు? పైనుండి చేయు ఉపకారము పుచ్చుకొనువానిని చిన్నబుచ్చును. నీవు నాకు కావలెనని వచ్చినవాడు వానిని మరల మనిషిగా నిలువబెట్టును.

ఫోనుమీది కూటములను గూర్చి ఒక మాట. 2020లో కరోనావలన ఇండ్లలో నిలిచిపోయినప్పుడు ఇట్టి కూటములు అనేక దేశములలో ఫోనులలోనికి మారెను. ఊరివారి కన్నులకు వెరచువానికి, ముఖ్యముగా స్త్రీకి, అది మేలే. అయినను ఫోను వణకు చేతిని పట్టుకొనలేదు. ఏండ్ల తరబడి విస్తారముగా త్రాగినవాడు ఒక్కసారిగా మానినయెడల మూర్ఛలు, మతి చలించుట కలిగి ప్రాణాపాయము రావచ్చును. అట్టివానిని ముందు వైద్యునియొద్దకు తీసికొని పోవలెను. అందుకు ప్రక్కింటివాడు కావలెను.

మన నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాయిమీద లేచిన దినములు పెద్దలకు జ్ఞాపకమే. 1995లో రాష్ట్రమంతట మద్యనిషేధము వచ్చెను. 1997లో అది సడలెను. ఆ స్త్రీలు చేసినది గొప్ప కార్యము. అయితే చట్టము అంగడిని మూయగలదు గాని, ప్రొద్దుగూకినవేళ ఒంటరివాని గుండెలో లేచు దాహమును మూయలేదు. అది తోడుండువాని పని.

యాకోబు 5వ అధ్యాయము పాపములు ఒప్పుకొనుటను గూర్చి చెప్పునప్పుడు, పాదిరికి మాత్రమే అనలేదు, ఒకరితో ఒకరు అనెను. మన కూడికలలో జయము పొందినవాడు సాక్ష్యమిచ్చును. ఇంకను పోరాడుచున్నవాడు ఎక్కడ మాటలాడును? “రాత్రి మరల త్రాగితిని” అని ఆదివారమున ఒకడు చెప్పినయెడల, సోమవారమునాటికి అది టీ కొట్టుకు చేరదా? పేరులేని గుంపును వారు ఎందుకు వెదకుచున్నారో ఇందువలన తెలియును.

కాబట్టి వారిని తప్పుపట్టకముందు మనము మూడు పనులు నేర్చుకొందము. విన్నది మనలోనే దాచుకొందము. పెండ్లిండ్లలో మానినవానికి గ్లాసు అందించి పరిహసింపకుందము. వాడు మరల పడినప్పుడు, “నాకు ముందే తెలియును” అనకుందము. పేరు దాచుకొననక్కరలేని చోటుగా మన సంఘమును ప్రభువు చేయును గాక.